చంటిపిల్లలున్న అధ్యాపకులు, పరిశోధకుల కోసం: సెలవు దరఖాస్తు నుంచి థీసిస్ సమర్పణ దాకా

విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగం బయటివారికి తీరిక ఉన్న ఉద్యోగంలా కనిపిస్తుంది. "మీకేమమ్మా, రెండు క్లాసులు చెప్పుకుని ఇంటికొచ్చేస్తారు" అనే మాట బంధువుల ఇళ్లలో ఈ వృత్తిలోని ప్రతి స్త్రీ ఎప్పుడో ఒకప్పుడు విన్నదే. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం ఆ హోదాలో ఉన్నవారు వారానికి 16 గంటలు నేరుగా బోధించాలి, మొత్తం పనిభారం 40 గంటలకు తగ్గకూడదు, రోజుకు కనీసం 5 గంటలు ప్రాంగణంలో అందుబాటులో ఉండాలి. పరీక్షల డ్యూటీలు, న్యాక్ (కళాశాలల నాణ్యతను మదింపు చేసే సంస్థ) ఫైళ్లు, విద్యార్థుల ప్రాజెక్టులు పోగా మిగిలిన సమయంలోనే పరిశోధన సాగాలి. ఇంట్లో రెండేళ్ల బిడ్డ ఉంటే ఆ మిగులు కూడా ఉండదు.

పిల్లలు పుట్టిన తర్వాత ఈ వృత్తిలో వెనకబడినవారిలో పాఠం సరిగా చెప్పలేక వెనకబడినవారు చాలా తక్కువ. పాఠానికి టైంటేబుల్ ఉంది, మనం రాకపోతే గంటలోపే ఎవరో ఒకరు అడుగుతారు. పరిశోధనకు అలాంటి కట్టుబాటు లేదు కాబట్టి బిడ్డకు జ్వరం వచ్చినా, ఆయా చెప్పకుండా మానేసినా, చుట్టాలు దిగినా, ముందుగా తెగిపడేది అదే. ఆరు నెలల తర్వాత రివ్యూ కమిటీ ముందు నిలబడినప్పుడు గాని ఎంత తెగిందో తెలియదు. అందువల్ల ఈ మార్గదర్శి ప్రధానంగా రెండు పనులు చెబుతుంది. మనకు దక్కవలసిన గడువులను, సెలవులను ముందుగానే కాగితం మీదికి తెచ్చుకోవడం మొదటిది. తరగతికి ఉన్నంత గట్టి టైంటేబుల్‌ను పరిశోధనకూ కట్టడం రెండోది. నిబంధనలు ఎక్కువగా తల్లులను దృష్టిలో పెట్టుకుని రాసినవి కాబట్టి మాటలు కూడా ఎక్కువగా వారికే చెప్పినట్టుంటాయి. తండ్రుల సంగతి విడిగా వస్తుంది, దానిని దాటవేయవద్దు.

మొదటి మెట్టు: గడువులను తేదీలుగా మార్చుకోవాలి

పీహెచ్‌డీ చేస్తున్నవారు ముందుగా తమ ప్రవేశ ఉత్తర్వును బయటికి తీసి, అందులోని తేదీని ఒక కాగితం పైభాగాన రాసుకోవాలి. 2022 నవంబరులో యూజీసీ ప్రకటించిన పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం కోర్సువర్క్‌తో కలిపి కనీస కాలం మూడేళ్లు, గరిష్ఠ కాలం ఆరేళ్లు. పునర్నమోదు ద్వారా మరో రెండేళ్లు పొందవచ్చు. స్త్రీలకు, 40 శాతానికి మించిన వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్ల సడలింపు ఉంది. అయితే మొత్తం పదేళ్లు దాటకూడదు. ఉదాహరణకు 2023 ఆగస్టులో చేరిన స్త్రీకి సాధారణ గడువు 2029 ఆగస్టు, పునర్నమోదుతో 2031, సడలింపుతో 2033. ఈ మూడు తేదీలూ కాగితం మీద ఉండాలి. ఇవి కాక, పరిశోధన కాలం మొత్తంలో 240 రోజుల వరకు ప్రసూతి సెలవు లేదా శిశు సంరక్షణ సెలవు పొందే వీలు ఉంది. అంతకుముందున్న 2016 నిబంధనల కింద చేరినవారికీ ఈ 240 రోజులు వర్తిస్తాయి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. ఆ నిబంధనలు ఈ సెలవును, సడలింపును "ఇవ్వవచ్చు" అంటాయి. ఇచ్చి తీరాలని అనవు. కాబట్టి మీ విశ్వవిద్యాలయ ఆర్డినెన్సులో, అంటే సొంత నియమావళిలో, దానిని ఎలా రాసుకున్నారో, దరఖాస్తు ఎవరి ద్వారా ఎవరికి వెళ్లాలో పరిశోధన విభాగం కార్యాలయంలో కనుక్కుని, ఆ పేజీ నకలు దగ్గర పెట్టుకోవాలి. రెండో జాగ్రత్త డబ్బుకు సంబంధించినది. డిగ్రీకి పదేళ్లు ఉన్నా ఫెలోషిప్‌కు అన్నేళ్లు లేవు. యూజీసీ జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత సీనియర్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్)గా 42,000 రూపాయలు, మొత్తం అయిదేళ్లకు ముగుస్తుంది. ఆయా జీతమో, క్రెష్ (పసిపిల్లల సంరక్షణ కేంద్రం) ఫీజో ఆ డబ్బులోంచే కడుతున్నవారికి అసలు గడువు ఫెలోషిప్ ఆగిపోయే తేదీయే. దానిని ఎర్ర సిరాతో రాసుకుని, మిగిలిన గడువులను అత్యవసరానికి ఉంచుకున్న నిల్వగా చూడాలి.

ఇంకో మాట. థీసిస్ సమర్పణకు ముందు పత్రికలో వ్యాసం తప్పనిసరిగా అచ్చయి ఉండాలన్న షరతు 2022 నిబంధనలలో లేదు, కాని చాలా విశ్వవిద్యాలయాలు సొంతంగా పెట్టుకుంటున్నాయి. పత్రికల వాళ్లు ఏడాది దాకా జవాబివ్వకపోవడం మామూలే కనుక, మీ దగ్గర ఆ షరతు ఉంటే బిడ్డ పుట్టకముందే ఒక వ్యాసం పంపి ఉండటం ఎంతో మేలు. మీరు బాలింతగా ఉన్నా ఆ నిరీక్షణ తన పాటికి తాను సాగిపోతుంది.

రెండో మెట్టు: మీకు వర్తించే సెలవు ఏదో తేల్చుకోవాలి

ఒకే ప్రాంగణంలో పక్కపక్క గదులలో పనిచేసే ఇద్దరికి వేర్వేరు సెలవులు ఉండవచ్చు. ఈ విషయంలో తోటి ఉద్యోగుల మాట మీద ఆధారపడకుండా మీ నియామక ఉత్తర్వు చూడాలి.

యూజీసీ 2018 నిబంధనలు రెగ్యులర్ అధ్యాపకులకు పూర్తి జీతంతో 180 రోజుల ప్రసూతి సెలవును, ఉద్యోగ కాలంలో రెండుసార్లు ఇస్తున్నాయి. మైనరు పిల్లలున్న మహిళా అధ్యాపకులకు మొత్తం ఉద్యోగ కాలంలో 730 రోజుల వరకు శిశు సంరక్షణ సెలవు ఉంది. కేంద్ర ప్రభుత్వ నియమాల ప్రకారం ఇందులో మొదటి 365 రోజులకు పూర్తి జీతం, తర్వాతి 365 రోజులకు 80 శాతం జీతం వస్తుంది. ఏడాదిలో మూడు విడతలకు మించకుండా, ఒక్కో విడత కనీసం 5 రోజులు ఉండేలా తీసుకోవాలి. కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో ఇది నడుస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల లెక్క వేరు: శిశు సంరక్షణ సెలవు ఆంధ్రప్రదేశ్‌లో 2022 మార్చి నుంచి 180 రోజులు, తెలంగాణలో 2016 ఉత్తర్వు ప్రకారం 90 రోజులు, రెండు చోట్లా విడతలవారీగానే. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో పనిచేస్తూ 730 రోజులు ఉన్నాయనుకుని ప్రణాళిక వేసుకుంటే మధ్యలో చిక్కుకుపోతారు.

ప్రయివేటు కళాశాలలలో, ముఖ్యంగా కాంట్రాక్టు, గెస్టు అధ్యాపకుల విషయంలో పరిస్థితి చాలా బలహీనంగా ఉందన్నది అందరికీ తెలిసిన సంగతే. 2017 సవరణ తర్వాత ప్రసూతి ప్రయోజనాల చట్టం దాని పరిధిలోకి వచ్చే సంస్థలలో, ప్రసవానికి ముందు పన్నెండు నెలలలో కనీసం 80 రోజులు పనిచేసిన స్త్రీకి మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. కాంట్రాక్టు గడువు మధ్యలో ముగిసిపోయినా ఆ చట్టం కింది ప్రయోజనం పూర్తి కాలానికి ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో తీర్పు చెప్పింది. కాంట్రాక్టు ఉద్యోగులు ఈ తీర్పు సంగతి తెలుసుకుని ఉండటం, దరఖాస్తులో మర్యాదగా ప్రస్తావించడం మంచిది. "మీరు రిజైన్ చేసి వెళ్లండి, తర్వాత మళ్లీ తీసుకుంటాం" అని నోటిమాటగా చెబితే రాజీనామా రాయకండి. రాజీనామా పత్రం ఒకసారి చేతికిచ్చాక, మీకు వాగ్దానం చేసిన మనిషి ఎంత మంచివారైనా మీ చేతిలో ఆధారం మిగలదు.

చాలామందికి తెలియని నియమం ఒకటి ఉంది, నా దృష్టిలో ఈ వ్యాసం మొత్తంలో విలువైనది అదే. పదోన్నతి కోసం కెరీర్ అడ్వాన్స్‌మెంట్ పథకం కింద బోధనను, ఇతర విధులను మదింపు చేసేటప్పుడు ప్రసూతి సెలవు, శిశు సంరక్షణ సెలవు వంటి కాలాన్ని మినహాయించి, మిగిలిన కాలంలో చేసిన పనిని మొత్తం కాలానికి విస్తరించి లెక్కకట్టాలని 2018 నిబంధనలు చెబుతున్నాయి. సెలవుపై ఉన్న కారణంగా అధ్యాపకులకు పదోన్నతిలో నష్టం కలగకూడదని కూడా స్పష్టంగా ఉంది. దానికి ఒకటే షరతు: సెలవు సంబంధిత అధికారి ముందస్తు అనుమతితో, పద్ధతి ప్రకారం తీసుకున్నదై ఉండాలి. అందుకే నోటిమాటతో ఇంట్లో ఉండిపోయి "తర్వాత సర్దుబాటు చేస్తాం" అన్న హామీని నమ్మితే, నాలుగేళ్ల తర్వాత స్క్రూటినీలో ఆ నెలలు గైర్హాజరుగా తేలవచ్చు. దరఖాస్తు రెండు ప్రతులు తయారుచేసి, ఒకదాని మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోవాలి. మంజూరు ప్రొసీడింగ్స్ నకలు తీసుకోవాలి. తిరిగి చేరిన రోజున జాయినింగ్ రిపోర్టు ఇచ్చి, సర్వీస్ రిజిస్టరులో నమోదైందో లేదో స్వయంగా చూడాలి. గుమాస్తా గారిని ఇన్నిసార్లు అడగడం మొహమాటంగానే ఉంటుంది, అయినా అడగాలి.

మూడో మెట్టు: గైడ్‌తో, విభాగాధిపతితో ముందే మాట్లాడాలి

గర్భం సంగతి అయిదో నెల దాకా దాచిపెట్టడం మన దగ్గర సాధారణం. దిష్టి తగులుతుందనే భయం కొంత, గైడ్ ముఖం మాడుస్తారేమోననే భయం మరికొంత. ప్రయోగశాలలో పనిచేసేవారు మాత్రం ఆలస్యం చేయకూడదు. సేంద్రియ ద్రావకాలు, రేడియోధార్మిక పదార్థాలు, ఎక్స్-రే పరికరాలు వాడేవారు నిర్ధారణ అయిన వెంటనే భద్రతాధికారికి రాతపూర్వకంగా తెలియజేసి పని మార్పించుకోవాలి. సామాజిక శాస్త్రాల వారు క్షేత్రపర్యటనలను గర్భకాలపు మధ్య మూడు నెలలలోకి జరుపుకునే వీలుందేమో ముందుగా చూసుకోవాలి.

మాట్లాడటానికి వెళ్లేటప్పుడు సమస్యతో పాటు తేదీలను కూడా పట్టుకెళ్లాలి. "సార్, ఫలానా నెలలో నాకు ప్రసవం" అన్న ఒక్క మాటతో ఆపేస్తే ఎంతటి సహృదయులైనా తమ ప్రాజెక్టు ఏమవుతుందోనన్న కంగారులో పడతారు. ఒక పేజీ కాగితంలో ఇలా రాసి ఇవ్వవచ్చు: "అక్టోబరు 10 నుంచి సెలవు కోరుతున్నాను. దానికి ముందు రెండో అధ్యాయం ముసాయిదా, సర్వే సమాచారం మొత్తం మీకు అందజేస్తాను. సెలవు కాలంలో అధ్యాయాలు రాయలేను. నెలకు ఒకసారి ఫోనులో మాట్లాడగలను. ఏప్రిల్‌లో చేరిన తర్వాత మొదటి నెల సమాచార విశ్లేషణకు, జూన్‌లో మూడో అధ్యాయానికి కేటాయిస్తాను. ఈ సెమిస్టరు పరిశోధన సలహా సంఘం సమావేశాన్ని సెప్టెంబరులోనే జరపవలసిందిగా మనవి." ప్రతి సెమిస్టరూ ఆ సంఘం ముందు ప్రగతిని వివరించాలన్నది నియమం కాబట్టి చివరి వాక్యం చాలా ముఖ్యం. కాన్పు తేదీకి అటూ ఇటూ సమావేశం పడితే ఎవరికీ ఉపయోగం లేదు.

సెలవులో ఒక అధ్యాయం రాసేస్తానని మాట ఇవ్వకండి. అలా మాట ఇచ్చినవారు ఆ ఆరు నెలలూ బిడ్డను ఎత్తుకుని థీసిస్ గురించి దిగులుపడతారు, తిరిగి చేరిన రోజున అధ్యాయం లేదని సిగ్గుపడతారు. రాయలేనని ముందే రాసిచ్చిన మనిషికి ఆ బాధ ఉండదు.

ఉద్యోగంలో ఉన్నవారు విభాగాధిపతి దగ్గరికి వెళ్లేటప్పుడు ప్రత్యామ్నాయం కూడా సూచించాలి. శిశు సంరక్షణ సెలవు 45 రోజులకు మించితే ఆ స్థానంలో పార్ట్‌టైమ్ లేదా గెస్టు అధ్యాపకులను తీసుకునే అధికారం సంస్థకు ఉందని యూజీసీ నిబంధనలే చెబుతున్నాయి. ఈ నియమం చూపిస్తే, మీ పదహారు గంటల భారం పక్క గదిలోని మరో అసిస్టెంట్ ప్రొఫెసర్ మీద పడదు, ఆమెకు మీ మీద కినుక పుట్టదు.

నాలుగో మెట్టు: రెండు క్యాలెండర్లను ఒకటి చేయాలి

వంటింటి గోడకు వేలాడే తెలుగు క్యాలెండరునే ఇందుకు వాడమంటాను, ఎందుకంటే ఇంట్లో అందరూ చూసేది దానినే. అమావాస్యలు, ఏకాదశుల పక్కన విశ్వవిద్యాలయ తేదీలను ఒక రంగులో, బిడ్డ తేదీలను మరో రంగులో రాయాలి. టీకాలు 6, 10, 14 వారాలకు, తొమ్మిది నెలలకు, మళ్లీ 16 నుంచి 24 నెలల మధ్య పడతాయి. టీకా వేయించిన మర్నాడు బిడ్డ ఒళ్లు వెచ్చబడి, చంక దిగకపోవడం మామూలే కాబట్టి ఆ రోజున సెమినారు పెట్టుకోకూడదు. వీలైతే శుక్రవారమో, శనివారమో వేయించాలి.

పిల్లలు బడికి వెళ్లే వయసు వచ్చాక ఈ క్యాలెండరు మరింత చిక్కుగా మారుతుంది. మన రెండు రాష్ట్రాలలో మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు మొదలవుతాయి. సరిగ్గా అప్పుడే కళాశాలలలో ఇంటర్నల్ పరీక్షలు, ప్రాక్టికల్స్, సిలబస్ పూర్తిచేయడం ముమ్మరంగా ఉంటాయి. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా బడికి సెలవులు, మనకేమో ఆ రోజులలో ఇన్విజిలేషన్, స్పాట్ వాల్యుయేషన్. దసరాకు, సంక్రాంతికి పిల్లలకు ఇచ్చినన్ని సెలవులు విశ్వవిద్యాలయం ఇవ్వదు. ఈ మూడు చోట్లా ఇల్లు కుదుపుకు లోనవుతుందని జనవరిలోనే తెలుసు కాబట్టి, అమ్మమ్మనో నాయనమ్మనో రమ్మనాలన్నా, ఆయాకు ఎక్కువ గంటలకు ఎక్కువ డబ్బు మాట్లాడుకోవాలన్నా అప్పుడే చేయాలి. జూలై నుంచి సెప్టెంబరు వరకు జ్వరాల కాలం. ఆ మూడు నెలల కోసం క్యాజువల్ లీవులు కొన్ని మిగుల్చుకోవాలి. ఏప్రిల్‌కే అన్నీ వాడేసుకున్నవారికి ఆగస్టులో పిల్లవాడికి డెంగీ అంటే ఏం చేయాలో తోచదు.

అయిదో మెట్టు: బిడ్డను చూసుకునే ఏర్పాటుకు రెండో ఏర్పాటు ఉండాలి

పెద్దవాళ్లు ఉంటే అంతకన్నా కావలసింది లేదు. అయితే అరవై ఏళ్లు దాటిన మనిషి చేత రోజుకు తొమ్మిది గంటలు పాకే బిడ్డ వెనుక తిరగమనడం న్యాయం కాదు. అత్తగారు ఉన్నా, అమ్మ ఉన్నా, వంటకో బట్టలకో మరో మనిషిని పెట్టి, వారానికి ఒక పూర్తి రోజు వారికి విడుపు ఇవ్వాలి. "మా అత్తమ్మ చూసుకుంటుంది" అని మనం తేలికగా అనేసే మాట వెనుక ఆమె మోకాళ్ల నొప్పి ఉంటుంది. ఆమె రోజూ వెళ్లే గుడినో, సాయంకాలపు నడకనో ఆపవద్దు. అది ఆగిపోయిన ఇంట్లో కొద్ది నెలలకే మాటపట్టింపులు మొదలవుతాయి.

ఆయాను పెట్టుకున్నా, క్రెష్‌లో చేర్చినా, తిరిగి ఉద్యోగంలో చేరడానికి కనీసం రెండు మూడు వారాల ముందే అలవాటు మొదలుపెట్టాలి: మొదటి వారం గంట, రెండో వారం సగం పూట. చేరిన రోజే వదిలేసి వెళితే, గుక్కపట్టి ఏడ్చే బిడ్డ గొంతు చెవిలో మోగుతుండగా పాఠం చెప్పవలసి వస్తుంది. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన 2017 సవరణ, 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలో క్రెష్ ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకునే వీలు ఇవ్వాలని చెప్పింది. మీ ప్రాంగణంలో లేకపోతే ఒక్కరుగా అడగకుండా, పదిమంది తల్లిదండ్రులు సంతకాలతో రిజిస్ట్రారుకు వినతిపత్రం ఇస్తే దానికి బరువు ఉంటుంది. మూడేళ్లు నిండిన పిల్లలకు అంగన్‌వాడీ కూడా పరిశీలించదగినదే. ఉద్యోగస్థుల కుటుంబాలు దానిని అసలు లెక్కలోకి తీసుకోకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

ఆరు నెలల వరకు తల్లిపాలే పట్టాలని వైద్యులు చెబుతారు. ఆ లోపు చేరవలసి వచ్చినవారు పాలు పిండి నిల్వచేసుకోవడం నేర్చుకోవాలి. 25 డిగ్రీల వరకు వేడి ఉన్న గదిలో పాలు సుమారు నాలుగు గంటలు ఉంటాయి. మన వేసవిలో స్టాఫ్ రూము అంతకంటే ఎంతో వేడిగా ఉంటుంది కనుక ఐస్ ప్యాకులున్న చిన్న పెట్టె తప్పదు. ఫ్రిజ్‌లో నాలుగు రోజుల వరకు వాడవచ్చు. దీనికి తలుపు గడియ పడే గది ఒకటి కావాలని విభాగాధిపతిని అడగడానికి సంకోచించనక్కరలేదు.

రెండో ఏర్పాటు అంటే, ఉదయం ఏడు గంటలకు ఆయా ఫోను చేసి రానని చెప్పినప్పుడు ఎనిమిదింటికల్లా ఎవరు వస్తారన్న ప్రశ్నకు జవాబు. పక్కింటి పిన్ని గారు, అదే క్వార్టర్సులో ఉండే మరో అధ్యాపకురాలు, భర్త క్యాజువల్ లీవు, ఈ వరుస ముందే నిర్ణయమై ఉండాలి. సాటి అధ్యాపకురాలితో తరగతులు మార్చుకునే ఒప్పందం ఉంటే ఇంకా మంచిది. ఆమెకు అవసరమైన రోజున ఆమె అడగకముందే మీరు వెళ్లి ఆమె తరగతి తీసుకోండి.

ఆరో మెట్టు: పరిశోధనకు టైంటేబుల్ కట్టాలి

తెల్లవారుజామున నాలుగింటికి లేచి రాయమనే సలహా అందరూ ఇస్తారు. రాత్రి మూడుసార్లు లేచి పాలు పట్టిన మనిషికి అది సలహా కాదు, శిక్ష. బిడ్డ రాత్రంతా నిద్రపోయే వయసు వచ్చేదాకా ఆ మాట పక్కన పెట్టండి.

దానికి బదులు పగటి వేళలోనే, ప్రాంగణంలోనే, వారానికి నాలుగు పూటలు, ఒక్కోటి గంటన్నర చొప్పున ఎంచుకుని, తరగతుల టైంటేబుల్ కాగితం మీదే రాసుకోవాలి. సోమవారం మూడో పీరియడు ఎమ్మే తరగతి అయితే నాలుగో పీరియడు "అధ్యాయం 3". ఆ వేళ స్టాఫ్ రూములో కూర్చోకూడదు, గ్రంథాలయంలో విద్యార్థులు రాని మూల చూసుకోవాలి. వారానికి ఆరు గంటలు, పదహారు వారాల సెమిస్టరుకు 96 గంటలు అవుతుంది. చదవడం, విశ్లేషణ అంతకుముందే అయి ఉంటే ఒక అధ్యాయం ముసాయిదాకు ఇది చాలుతుంది. సెలవుల్లో మొత్తం రాసేద్దామని ఎదురుచూసేవారికి ఆ సెలవులు ఎలా గడుస్తాయో నాలుగో మెట్టులో చెప్పాను.

పనిని కూడా మనసు పెట్టవలసిన స్థాయిని బట్టి విడదీసుకోవాలి. వాదన నిర్మించడం, గణాంకాల విశ్లేషణ వంటివి పూర్తి మెలకువ కోరే పనులు. అవి ఆ గంటన్నరలకే. ఉపయుక్త గ్రంథాల జాబితా సరిచేయడం, పట్టికలు అమర్చడం, పాత పేజీలు దిద్దడం బిడ్డ మధ్యాహ్నం నిద్రపోయినప్పుడు చేసుకోవచ్చు. ప్రింటౌట్లు, ఫారాలు, ఉత్తరాలకు జవాబులు ఎప్పుడైనా అవుతాయి. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు: ప్రశాంతంగా దొరికిన గంటన్నరను మెయిళ్లకు జవాబులతో గడిపి, రాత్రి పదకొండింటికి వాదన మొదలుపెట్టి నిద్రపోతారు.

లేచిపోయే ముందు అయిదు నిమిషాలు మిగుల్చుకుని, మళ్లీ కూర్చున్నప్పుడు ఏం చేయాలో ఫైలు చివర మామూలు మాటల్లో రాసి పెట్టుకోవాలి. "పట్టిక 3 రెండో వరుసలో శాతం తప్పుగా ఉంది, సరిచూడు. తర్వాత ఖమ్మం సమాచారానికీ నల్లగొండకీ తేడా ఎందుకుందో ఒక పేరా. బోర్లు కారణం కావచ్చు, వర్షపాతం లెక్క తెరిచి చూడు." ఇలా ఉంటే, మధ్యలో నాలుగు రోజులు బిడ్డ ఆస్పత్రిలో గడిచినా, తిరిగి వచ్చి కూర్చున్న పది నిమిషాలకే పని అందుతుంది. "అధ్యాయం 3 పూర్తి చేయాలి" అని రాసుకుంటే ఏమీ అందదు.

ఇంటి నుంచి పత్రికలు చదవడానికి మీ గ్రంథాలయం, విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ఇన్‌ఫెడ్ ద్వారా దూర ప్రవేశం ఇస్తున్నదేమో లైబ్రేరియన్‌ను అడిగి లాగిన్ తీసుకోండి. 2025 జనవరి నుంచి అమలవుతున్న వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ (ప్రభుత్వమే అన్ని సంస్థల తరఫున చందా కట్టే పథకం) కింద 30 ప్రచురణ సంస్థల పత్రికలు, దాదాపు 13,000, ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. వ్యాసం దింపుకోవడానికే బిడ్డను వదిలి విభాగానికి వెళ్లే అవసరం దీనితో తగ్గుతుంది.

ఏడో మెట్టు: తండ్రి చేసే పనికి పేరు పెట్టాలి

యూజీసీ నిబంధనల ప్రకారం భార్య ప్రసవ సమయంలో పురుష అధ్యాపకులకు 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. దానిని తీసుకోవడం నామోషీగా భావించే విభాగాలు ఇంకా ఉన్నాయి. తీసుకున్నవారిని చూసి తర్వాతివారు తీసుకుంటారు.

"సాయం చేస్తాను" అన్న మాటతో ఇల్లు నడవదు, ఎందుకంటే సాయం చేసే మనిషికి ప్రతిదీ చెప్పవలసి ఉంటుంది, చెప్పడం కూడా ఒక పనే. అలా కాకుండా పూర్తి పనులను పంచుకోవాలి. టీకాలు, డాక్టరు, మందులు తండ్రివి అంటే ఏ తేదీన ఏ టీకా అన్నది కూడా ఆయనే గుర్తుపెట్టుకోవాలి, కార్డు ఆయన దగ్గరే ఉండాలి. వారంలో రెండు సాయంకాలాలు ఆరు నుంచి తొమ్మిది దాకా బిడ్డ ఆయనది అంటే, పప్పన్నం తినిపించడం, స్నానం, నిద్రపుచ్చడం అన్నీ ఆయనవే. తల్లి ఆ రెండు పూటలు ఇంట్లో లేకపోతే ఇంకా బాగా జరుగుతుంది. భార్యాభర్తలిద్దరూ అధ్యాపకులైతే ఒకరి రివ్యూ సెమిస్టరులో మరొకరు అదనపు బాధ్యతలకు ఒప్పుకోకూడదన్న నియమం పెట్టుకోవాలి.

ఎనిమిదో మెట్టు: ఏ పనికి ఒప్పుకోవాలో ఎంచుకోవాలి

న్యాక్ సంఘం, సాంస్కృతిక సంఘం, హాస్టల్ వార్డెన్, వెబ్‌సైటు నిర్వహణ, ఇవన్నీ చిన్నవారి మీదికే వస్తాయి. అన్నింటినీ కాదనడం కుదరదు, కాదనకూడదు కూడా. తేదీలు ముందే తెలిసిన పనిని, ఒక్కరుగా కూర్చుని చేయగలిగిన పనిని ఎంచుకోండి. ప్రశ్నపత్రాల రూపకల్పన, సిలబస్ సంఘం అలాంటివి. సాయంత్రం ఆరు తర్వాత ఎప్పుడు పిలుస్తారో తెలియని వార్డెన్ బాధ్యతను బిడ్డకు అయిదేళ్లు వచ్చేదాకా వాయిదా వేయమని అడగవచ్చు.

అసిస్టెంట్ ప్రొఫెసర్లు జీతాల వరుసలో పదో స్థాయి నుంచి పదకొండో స్థాయికి వెళ్లడానికి పీహెచ్‌డీ ఉన్నవారికి నాలుగేళ్లు, పీహెచ్‌డీ, ఎంఫిల్ వంటివి లేనివారికి ఆరేళ్ల సర్వీసుతో పాటు ఓరియంటేషన్ కోర్సు, రిఫ్రెషర్ వంటి శిక్షణలు కావాలి. ఒకప్పుడు వీటికోసం బిడ్డను ఇంట వదిలి మూడు నాలుగు వారాలు మరో ఊరి గెస్టుహౌసులో ఉండవలసి వచ్చేది. మాలవీయ మిషన్ ఉపాధ్యాయ శిక్షణ కార్యక్రమం కింద ఇవి ఇప్పుడు ఆన్‌లైన్‌లోనూ జరుగుతున్నాయి. ఆన్‌లైన్ కదా అని తరగతులతో పాటు లాగించాలని చూడవద్దు. డ్యూటీ లీవు పెట్టి, ఆయాను మామూలు వేళలకే రమ్మని, తలుపు వేసుకుని చేయండి.

తొమ్మిదో మెట్టు: విరామం వచ్చినా, ఊరు మారినా

ఎంత ప్రణాళిక వేసుకున్నా కొందరికి రెండు మూడేళ్లు ఆగక తప్పదు. ఆగేటప్పుడు రిజిస్ట్రేషన్ రద్దు చేసుకోకండి. మొదటి మెట్టులో రాసుకున్న మూడు తేదీలను చూసి, ఎంత నిల్వ ఉందో లెక్కవేసి, పునర్నమోదు దరఖాస్తు గడువుకు ముందే ఇవ్వండి. భర్త బదిలీ వల్లనో మరో కారణం చేతనో ఊరు మారవలసి వస్తే, మహిళా పరిశోధకులు తమ పరిశోధనను కొత్త విశ్వవిద్యాలయానికి మార్చుకునే వీలును 2022 నిబంధనలు కల్పించాయి. ఆ పరిశోధన మాతృసంస్థకు వచ్చిన నిధుల ప్రాజెక్టులో భాగమై ఉండకూడదు, అప్పటిదాకా జరిగిన పనికి పాత గైడ్‌కు, సంస్థకు తగిన గుర్తింపు ఇవ్వాలి. ఉద్యోగంలో చేరిపోయినవారు యజమాని నిరభ్యంతర పత్రంతో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీగా కొనసాగించవచ్చు.

విజ్ఞాన శాస్త్రాల వారికి తిరిగి ప్రవేశించే తలుపులు కొన్ని ప్రత్యేకంగా ఉన్నాయి. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం వైజ్-కిరణ్ పథకం కింద పీహెచ్‌డీకి, పోస్ట్ డాక్టరల్ పనికి మహిళలకు ఫెలోషిప్‌లు ఇస్తుంది. బయోటెక్నాలజీ విభాగానికి బయోకేర్ అనే పథకం ఉంది. జేఆర్‌ఎఫ్ గరిష్ఠ వయసు 30 ఏళ్లలో మహిళలకు అయిదేళ్ల వరకు సడలింపు ఉంది, నెట్ (జాతీయ అర్హత పరీక్ష) ద్వారా అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు వయసు పరిమితే లేదు. సామాజిక శాస్త్రాలకు, భాషా సాహిత్యాలకు ఇలాంటి తలుపులు తక్కువ, ఇది నిజంగా అన్యాయమే. ఆ విభాగాల వారు విరామంలో ఏడాదికి ఒక పుస్తక సమీక్షో, ఒక సెమినారు పత్రమో తెచ్చుకుంటూ ఉంటే, దరఖాస్తులో ఆ ఏళ్లు ఖాళీగా కనిపించవు. ఏ పథకానికి దరఖాస్తు చేసినా విరామానికి కారణం ఒకే వాక్యంలో, తేదీలతో, సంజాయిషీ ధోరణి లేకుండా రాయాలి: "2021 జూన్ నుంచి 2023 మే వరకు ఇద్దరు పిల్లల సంరక్షణ నిమిత్తం పరిశోధనకు విరామం." ఆ వెంటనే రాబోయే పన్నెండు నెలలలో చేయబోయే పనిని వివరించండి, ఎంపిక సంఘం ఎక్కువ సేపు చదివేది ఆ భాగాన్నే.